వెనక సీటు

చక్కెర దుంపల చేలకు మొదటి తడి పెడుతున్న రోజుల్లో మా ఊరి సామూహిక వ్యవసాయ క్షేత్రానికి ఒకప్పుడు చైర్మన్‌గా ఉన్న బైదిల్దా కారు మా పెరట్లోకి వచ్చింది. తనంతట తాను రాలేదు, లారీ మీద ఎక్కించి తెచ్చారు. పొడవాటి నల్ల జిమ్ కారు, సోవియట్ రోజుల్లో పెద్ద అధికారులకిచ్చేది. ఒకప్పుడు అది ఊళ్ళోకి వస్తుంటే కుక్కలు కూడా మొరగడం మాని పక్కకు తప్పుకునేవని చెప్పుకునేవారు. ఇప్పుడు నాలుగు చక్రాల్లోనూ గాలి లేదు. మోకాళ్ళు మడిచి కూలబడ్డ ముసలి ఒంటెలా ఉంది.

నాది తోలుపని. పట్నంలో బూట్ల ఫ్యాక్టరీలో కుట్టు నేర్చుకున్నాను. అది మూతపడ్డాక ఊరికి తిరిగొచ్చి, పెరటి షెడ్డులో కార్ల సీట్లు బాగుచేస్తూ నాన్నతో ఉంటున్నాను. కారు తెచ్చినవాడు చైర్మన్ కొడుకు ఎర్కెబులాన్. రాజధాని అస్తానాలో పెద్ద కాంట్రాక్టరు. తలుపు తీసి, చిరిగి పీచు బయటికొచ్చిన సీట్లు చూపించాడు.

"బల్జాన్, మా నాన్నగారు బతికుంటే ఈ ఏడు నూరేళ్ళు నిండేవి. దుంపలు తవ్వే ముందు ఆ నూరేళ్ళ పండుగ చేస్తున్నాం. ఊరంతటికీ విందు, గుర్రప్పందాలు, ఈ కారు ఊరేగింపు. తర్వాత మ్యూజియంలో పెట్టేస్తాం. తోలు మాత్రం మార్చకు. మా నాన్న కూర్చున్న తోలే ఉండాలి. కానీ చూడ్డానికి కొత్తదానిలా ఉండాలి."

"పాతదై ఉండాలి, కొత్తదానిలా కనిపించాలి. రెండో పెళ్ళాన్ని వెతుక్కునేవాడిలా మాట్లాడుతున్నావ్" అన్నాను.

అతను పెద్దగా నవ్వాడు. నవ్వుతూనే గడప దగ్గర నిలబడ్డ మా నాన్నని చూశాడు. "ఎసిర్కెప్ బాబాయ్! పండుగనాడు స్టీరింగు నీ చేతుల్లోనే. ఈ కారుని నువ్వు తప్ప ఇంకెవడు నడుపుతాడు?"

నాన్న టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "నేనా?" అన్నాడు.

మా నాన్న చైర్మన్ దగ్గర డ్రైవరు. నా చిన్నతనంలో ఈ కారే కాలవగట్టు మీద మైరా అనే పిల్లని గుద్ది చంపింది. మా వీధి చివర ఉమ్సిన్ పెద్దమ్మ కూతురు అది. నాకు ఆడుకునే తోడు. నాన్న నేరం ఒప్పుకుని జైలుకెళ్ళాడు. తిరిగొచ్చాక ఏ బండీ నడపలేదు, కాలవకు కాపలా ఉద్యోగం చేసుకున్నాడు. ఉమ్సిన్ ఆయన ఎదురుపడితే చాలు, ఆయన కాళ్ళ ముందు ఉమ్మేది. సంతలోనైనా సరే, చావింట్లోనైనా సరే. ఆయన తల వంచుకుని నిలబడి, ఆవిడ దాటిపోయాకే కదిలేవాడు.

మా అన్న కైర్జాన్‌కి మిలిటరీ స్కూల్లో సీటు రాలేదు. జైలుకెళ్ళినవాడి కొడుకుని తీసుకోరన్నారు. ఆ రోజు నుంచి అన్న నాన్నతో మాట్లాడడం మానేశాడు. పెళ్ళయ్యాక ఇంటిని రెండుగా చేసి మధ్యలో గోడ కట్టాడు. పెరడు మాత్రం ఉమ్మడి. నాన్నకేదైనా చెప్పాలంటే నాతో చెప్పేవాడు, నాన్న పక్కనే నిలబడి ఉన్నా సరే.

కారు వచ్చిన సాయంత్రం అన్న తను నడిపే దుంపల లారీ నిలిపి, ఆ కారు చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఏం చెల్లెమ్మా, మనిషిని చంపిన కత్తికి కొత్త పిడి వేస్తున్నావా?"

"వేయమంటే వేస్తా. నా పని అది."

"మరి ఆయన్ని అడిగావా, పిడి ఏ రంగుదైతే చేతికి బాగుంటుందో?"

నాన్న ఉల్లిమడికి నీళ్ళు పెడుతున్నాడు. విననట్టే ఉన్నాడు.

మర్నాడు సీట్లు విప్పాను. ముందొక బెంచీ, వెనకొక బెంచీ, మధ్యలో మడత సీట్లు రెండు. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు వాటికి ఉన్నిగుడ్డ ఉండేదట. దుమ్ము పట్టేస్తోందని చైర్మన్ మన జీనులు కుట్టేవాళ్ళని పిలిపించి గుర్రపు తోలు వేయించాడు. మంచి తోలు. ఎండి బీటలు వారింది కానీ చావలేదు. సబ్బు నురుగుతో తుడిచి, గొర్రె తోకకొవ్వు కరిగించి వేళ్ళతో రుద్దుతుంటే, కరువులో పశువు నీళ్ళు తాగినట్టు తాగేసింది. చిరుగుల వెనక పలచటి తోలు ముక్కలు అతికించి, పాత కుట్టు రంధ్రాల్లోంచే సూది పోనిచ్చేదాన్ని. కొత్త రంధ్రం పొడిస్తే ముసలి తోలు అక్కడికక్కడ చీలిపోతుంది.

మొదట్లో నాన్న షెడ్డు వైపే రాలేదు. ఒకరోజు గడప దాకా వచ్చి, "స్ప్రింగుల మీద గోనెపట్ట చివికిపోయి ఉంటుంది చూడు" అన్నాడు. ఇంకో రోజు బకెట్టు బోర్లించుకుని కూర్చున్నాడు. సీట్ల లోపల కూరిన గుర్రపు వెంట్రుకలు ఉండలు కట్టి మురికిపట్టి ఉన్నాయి. వాటిని ఉతికి కప్పు మీద ఆరబెట్టి, ఇనుప దువ్వెనతో విడదీసే పని తనంతట తనే మీద వేసుకున్నాడు. దువ్వుతూ కబుర్లు చెప్పేవాడు. మంచులో ఇంజను మొరాయిస్తే దాని మీద దుప్పట్లు కప్పి పొద్దున్నదాకా ఎలా కాపాడాడో, మంత్రి ఒకాయన మడతసీటు మీద ఎలా నిద్రపోయాడో. అమ్మ పోయాక ఆయన అన్ని మాటలు మాట్లాడగా నేను వినలేదు. గడ్డం రోజూ గీసుకోవడం మొదలుపెట్టాడు. ఒక మధ్యాహ్నం కారులో ముందు వైపు ఖాళీ నేల మీద చతికిలబడి, స్టీరింగు పట్టుకుని, ఎడమకీ కుడికీ మెల్లగా తిప్పడం చూశాను. చూడనట్టు వచ్చేశాను.

ముందు బెంచీ పూర్తయ్యేసరికి పుచ్చకాయలు పండాయి. వెనక బెంచీ మొదలుపెట్టాను. కొవ్వు పట్టించి తుడుస్తుంటే కుడివైపు మూల, వీపు ఆనించే చోట, బొటనవేలంత కాలిన మచ్చ బయటపడింది. తోలు ముడుచుకుపోయి, నడిమధ్యలో చిల్లు.

"ఇదేంటి నాన్నా? చైర్మన్ సిగరెట్లు కాల్చేవాడు కాదు కదా?"

"కాల్చేవాడు కాదు. అది నాది."

"నీదా? డ్రైవరువి, నీకు వెనక సీట్లో ఏం పని?"

దువ్వెన ఆగలేదు. "ఆ ఒక్కరోజే కూర్చున్నా" అన్నాడు నాన్న.

నేను ఇంకో రెండు కుట్లు వేశాను. మూడోదానికి సూది తోల్లోనే ఆగిపోయింది.

పెరట్లో ఎండ మండిపోతోంది. వదిన కోళ్ళకి గింజలు చల్లుతూ పిలుస్తోంది. ఆ పిలుపు ఆగాక నాన్న చెప్పాడు, ఎవరిదో పాత సంగతి చెబుతున్నట్టు.

"పెళ్ళివిందు నుంచి వస్తున్నాం. బాగా తాగి ఉన్నాడు. 'ఎసిర్కెప్, ఇవాళ నువ్వు చైర్మన్‌వి, నేను డ్రైవర్ని' అన్నాడు. నన్ను వెనక కూర్చోబెట్టి తలుపు కూడా ఆయనే వేశాడు. నాకు నవ్వొచ్చింది. దర్జాగా సిగరెట్ ముట్టించుకున్నా. దెబ్బ తగిలినప్పుడు అది చేతిలోంచి ఎగిరిపడింది."

"నాన్నా."

"మీ అమ్మకి అప్పుడు మూత్రపిండాలు పాడయ్యాయి. ఒళ్ళంతా నీరు. ఇక్కడి డాక్టరు ఇంటికి తీసుకుపొమ్మన్నాడు. చైర్మన్ అన్నాడు, 'రేపు పొద్దున్నే నీ భార్య అల్మా-అతా ఆసుపత్రిలో ఉంటుంది' అని. ఉంచాడు. మాట తప్పలేదు."

"అమ్మకి తెలుసా?"

"తెలిస్తే ఆ మంచం మీద పడుకునేదా?"

దువ్విన వెంట్రుకల్ని కుప్పగా చేర్చి, లేచి నడుం సరిచేసుకున్నాడు. "ఆ మచ్చ కనపడకుండా చేయగలవు కదా?"

"చేయగలను."

"చెయ్యి మరి. వాళ్ళు కొత్తదానిలా ఉండాలన్నారు."

చిల్లు వెనక ముక్క పెట్టాను. పైన పూత పోసి ఆరాక గీసి, రంగు కలిపి అద్దాను. గుర్రపు తోలు మీద ఉండే సన్నటి గీతలు సూదిమొనతో గీశాను. వేలితో తడిమినా తెలియనంతగా కుదిరింది. నా పని ఎప్పుడూ అంత బాగా కుదరలేదు. అంత అసహ్యంగానూ నాకెప్పుడూ అనిపించలేదు.

అన్నకి చెప్పకుండా వారం రోజులు నోరు కట్టుకున్నాను. ఇక పట్టలేక, వాడు లారీ కింద దూరి పనిచేస్తుండగా పక్కన కూర్చుని చెప్పేశాను. చెబితే గోడ కూలుతుందనుకున్నాను. వాడు బయటికొచ్చి, చేతుల గ్రీజు కూడా తుడుచుకోకుండా మా వైపు గడప దాటాడు. ఆ గోడ కట్టాక వాడు మా భాగంలోకి రావడం అదే మొదలు. నాన్న టీ తాగుతున్నాడు.

"ఎవరు నడిపారు?"

నాన్న నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను.

"అడుగుతున్నా. ఎవరు నడిపారు?"

"మీ అమ్మ బతికింది కదరా" అన్నాడు నాన్న.

అన్న గోడకి ఆనుకున్నాడు. వాడి గొంతు వేరేగా వచ్చింది. "పొరపాటున పిల్ల అడ్డొచ్చి చచ్చిపోయిందనుకుని నిన్ను అసహ్యించుకున్నా. ఏదో ఒకరోజు క్షమిద్దామనీ అనుకున్నా. నువ్వు చంపలేదు. అమ్మేశావు. నన్నూ, దీన్నీ, ఇంటిపేరునీ కలిపి ఒకే బేరానికి అమ్మేశావు. బళ్ళో నా సంచి మీద ఏం రాసేవాళ్ళో తెలుసా నీకు?"

"తెలుసు. రాత్రిళ్ళు మీ అమ్మ దాన్ని ఉతికేది."

"పండుగలో నీకు మైకు ఇస్తారట. అందరి ముందూ చెప్పు. చెప్తే ఆ గోడ నా చేత్తో నేనే కూలగొడతా. నీ కాళ్ళు కడుగుతా."

"మాట ఇచ్చానురా."

"ఎవడికి? శవానికా?"

"శవానికిచ్చిన మాట వెనక్కి ఎలా తీసుకుంటారు? తిరిగి పుచ్చుకోవడానికి మనిషే లేడు కదా" అన్నాడు నాన్న. టీ చల్లారిపోయిందని నాకు కప్పు అందించాడు.

పండుగనాటికి గాలి చల్లబడింది. పాత క్రీడామైదానంలో తెల్లటి గుడారాలు వేశారు. పెద్ద పెద్ద కడాయిల్లో గుర్రపు మాంసం ఉడుకుతోంది. జిమ్ కారు నల్లగా మెరిసిపోతోంది. వచ్చినవాళ్ళంతా తలుపులోంచి లోపలికి తొంగిచూసి, సీట్లు తడిమి, "ఏం తోలు! ఇవాళే కుట్టినట్టుంది" అంటున్నారు. నాన్న ఇస్త్రీ కోటు వేసుకుని, పొద్దున్నే వెళ్ళి కారు దగ్గర నిలబడ్డాడు. స్టీరింగు ముందు మాత్రం ఎవడో కుర్రాడు కూర్చుని ఉన్నాడు. పాతకాలపు టోపీ పెట్టించారు వాడికి.

ఎర్కెబులాన్ వచ్చి నాన్న భుజం మీద చెయ్యి వేశాడు. "బాబాయ్, ఏమీ అనుకోకు. కెమెరాలవాళ్ళు వచ్చారు. నీ వయసు, నీ కళ్ళు... జనం మధ్య ఏదైనా అయితే? అసలే ఒకసారి అయింది కదా. నువ్వు హాయిగా వెనక కూర్చో. చైర్మన్‌లా."

నాన్న తెరిచి ఉన్న వెనక తలుపు వైపు చూశాడు. నేను కుట్టిన సీటు, మధ్యలో చైర్మన్ ఫోటో.

"వెనక కూర్చోను" అన్నాడు. "నడుస్తా."

కారు మెల్లగా కదిలింది. బాజాలు, గుర్రాల మీద కుర్రాళ్ళు, మధ్యలో నల్లకారు, దాని వెనక పొగలో మా నాన్న. మైదానం చుట్టూ మొత్తం నడిచాడు. ఊరేగింపులో అదీ ఒక భాగమనుకుని జనం చప్పట్లు కొట్టారు.

వేదిక మీద ప్రసంగాలు అయ్యాక ఎర్కెబులాన్ ఆయన్ని పైకి పిలిచాడు. కింద ముందువరుసలో ఉమ్సిన్ పెద్దమ్మని కూర్చోబెట్టారు. ఆవిడకి అప్పటికే ఒక తివాచీ బహుమతిగా ఇచ్చారు. మా అన్న జనం చివర, గుర్రాలు కట్టేసిన కొయ్యల దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఈయన మా నాన్నగారి డ్రైవరు" అన్నాడు ఎర్కెబులాన్ మైకులో. "ఈయన చేతుల్లో ఒక ఘోరం జరిగింది. మీ అందరికీ తెలుసు. మా నాన్న ఆ దుఃఖం చచ్చేదాకా మోశాడు. కానీ ఈయన్ని ఏనాడూ పల్లెత్తు మాట అనలేదు. క్షమించాడు. ఇవాళ ఈ పవిత్రమైన రోజున, నా తరఫునా, ఊరందరి తరఫునా ఈయన్ని క్షమిస్తున్నాను."

సన్మానంగా తొడగడానికి బంగారు జరీ నీలిరంగు అంగరఖా తెచ్చారు. నాన్న పొట్టివాడు. అంగరఖా నేలని తాకింది. ఆయన చేతులు వెనక్కి చాపి ఒకటి తర్వాత ఒకటి దూర్చాడు, ఆసుపత్రిలో రోగి దూర్చినట్టు. కళ్ళు తుడుచుకుంటున్నారు జనం. మైకు ఆయన నోటి దగ్గర పెట్టారు.

దగ్గాడు. జనాన్ని చూశాడు. చివర్లో కొయ్యల దగ్గరిదాకా చూశాడు. గుర్రాలు ఈగల్ని తోలుకుంటూ తలలు విదిలించే చప్పుడు కూడా వినిపించింది.

"సీట్లు మా అమ్మాయి కుట్టింది" అన్నాడు. మైకు తిరిగి ఇచ్చేశాడు.

నేను తల తిప్పి చూసేసరికి అన్న అక్కడ లేడు. మర్నాడు వాడు లారీలో సామాను ఎక్కించాడు. రైలు స్టేషను ఊళ్ళో వదిన పుట్టిల్లుంది. మంచాలూ, ఫ్రిజ్జూ, కోళ్ళ గంపలూ తాళ్ళతో కడుతుంటే నాన్న ఉల్లిమళ్ళ దగ్గర నిలబడి చూశాడు. కట్టడానికి తాడు చాలకపోతే లోపలికెళ్ళి తన తాడు తెచ్చి లారీ పక్కన పెట్టాడు. అన్న దాన్ని ముట్టుకోలేదు.

"నువ్వూ వచ్చెయ్యి" అన్నాడు నాతో.

"ఆయనకెవరున్నారు?"

"అంగరఖా ఉందిగా" అన్నాడు, లారీ ఎక్కుతూ.

ఊరంతా మా నాన్నని కొత్తగా పలకరించడం మొదలుపెట్టింది. క్షమ దొరికిన మనిషి కదా. ఆ పలకరింపులు భరించలేక, ఒక మధ్యాహ్నం నేను ఉమ్సిన్ పెద్దమ్మ ఇంటికి వెళ్ళాను. ఒక్క మనిషికైనా నిజం తెలియాలి, ఆ హక్కు ముందు ఈవిడది అనుకున్నాను.

ఆవిడ అరుగు మీద కూర్చుని ఆపిల్ పళ్ళు ఒరుగులకి కోస్తోంది. కొత్త తివాచీ చుట్ట విప్పకుండా గోడకి నిలబెట్టి ఉంది. నేను నిలబడే చెప్పాను. ఆవిడ కత్తి ఆపకుండా విన్నది.

"తెలుసు" అంది.

"ఏం తెలుసు?"

"పక్క చేలో దుంపలకి కలుపు తీస్తున్నానే అప్పుడు. స్టీరింగు వైపు నుంచి దిగినవాడు ఎద్దులాంటి మనిషి. మీ నాన్న వెనక తలుపులోంచి పరిగెత్తుకొచ్చి నా పిల్లని ఎత్తుకున్నాడు. పొట్టోడు. దాని కాళ్ళు ఆయన మోకాళ్ళకి తగులుతున్నాయి."

"మరి ఎవరికీ ఎందుకు చెప్పలేదు?"

"ఎవరు అడిగారు? చైర్మన్ ఇంటికొచ్చి నా పెద్దాడికి పని ఇప్పించాడు. ఇంటికి రేకులు వేయించాడు. పోయింది ఒకత్తి, తినాల్సినవాళ్ళు ముగ్గురు మిగిలారు."

"అన్నీ తెలిసి ఆయన మీద ఎందుకు ఉమ్మేదానివి పెద్దమ్మా? ఇన్నేళ్ళూ?"

ఆవిడ అప్పుడు తలెత్తింది. కోపం లేదు ఆ మొహంలో. తెలివితక్కువ ప్రశ్న అడిగిన పిల్లని చూసినట్టు చూసింది.

"ఎవరో ఒకరి మీద ఉమ్మకపోతే ఎలా బతకనే? చైర్మన్ మీద ఉమ్మగలనా? మీ నాన్న తల వంచుకుని నిలబడేవాడు. నిలబడినవాడి మీదే ఎవరైనా ఉమ్మేది."

ఇంకో పండు తీసుకుని నాలుగు ముక్కలు చేసి, గింజలు తీసేసి, తట్టలో పరిచింది. నేను గేటు దాకా వచ్చాక వెనక నుంచి కేకేసింది.

"ఒసేయ్ బల్జాన్, నాకు తెలుసని మీ నాన్నకి చెప్పకు. ఏటా చలికి ముందు బొగ్గు బస్తా తెచ్చి నా గేటు బయట పెట్టిపోతాడు. నాకా ఇంక మోసుకొచ్చేవాళ్ళు లేరు."

ఇంటికొచ్చేసరికి నాన్న ఖాళీ అయిన అన్న భాగంలో చీపురుతో ఊడుస్తున్నాడు. ఎక్కడికెళ్ళావని అడిగాడు. ఉమ్సిన్ పెద్దమ్మ ఇంటికన్నాను. చీపురు ఆగింది.

"ఏమంది?"

"ఏమీ అనలేదు. ఆపిల్ పళ్ళు కోస్తోంది."

"కూర్చోమందా?"

ఆయన మొహం చూశాక నా నోటికి వేరే మాట రాలేదు. "కూర్చోమంది. టీ ఇచ్చింది."

"టీ ఇచ్చిందా!" అన్నాడు. గోడకి చెయ్యి ఆన్చి నిలదొక్కుకున్నాడు. "పాలు పోసి ఇచ్చిందా?"

"పోసింది నాన్నా."

ఆయన తనలో తను తల ఊపుకుంటూ, ఊడ్చిన చెత్తని మళ్ళీ ఊడ్చాడు. కాసేపటికి నా వైపు తిరిగాడు. మొహం కడిగినట్టు తేటగా ఉంది.

"అయితే ఈసారి బొగ్గు గేటు బయట వదిలేసి రాకూడదమ్మా. ఇంట్లోకి నేనే మోసి, పొయ్యి పక్కనే పెట్టి వస్తా."